సెంటర్ టు సెంటర్

సెక్టర్ 7, భిలాయి
నవంబరు 3

ఒరే పార్థూ,

ముందు మీ అక్క వరమ్మ ఆశీస్సులు అందుకో. నావి ఇవ్వాలో వద్దో ఇంకా ఆలోచిస్తున్నాను. ఫోన్ చేస్తే నీ చెవి మిషను ఈల వేస్తుంది, నువ్వు "హలో హలో" అని విజయనగరం మొత్తానికి వినపడేలా అరుస్తావు, ఇటు మీ అక్క "మా తమ్ముణ్ణి ఏటన్నారు?" అని నా మీద పడుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఈ రోజుల్లో చేత్తో ఉత్తరం రాసే ముసలాడు నేనొక్కణ్ణే కాబోలు, పోస్టాఫీసులో కౌంటరు పిల్ల నన్ను చూసి నవ్వుతోంది.

ఇక్కడ కొత్త ఫుట్‌బాల్ స్టేడియం లేచిందిరా. ఆ పాత మైదానం నీకు గుర్తుండే ఉంటుంది, మా సతీశ్ బారసాలకి వచ్చినప్పుడు బంతి తన్నబోయి పంచె చింపుకున్నావు. ఇప్పుడక్కడ ఆరువేల నీలం కుర్చీలు, నాలుగు దీపస్తంభాలు, గడ్డినైతే చాపల్లా చుట్టచుట్టి లారీల్లో తెచ్చి పరిచారు. దాని మీద నడవాలంటే నాకే చెప్పులు విప్పాలనిపించింది. అన్నీ వచ్చాయి, గోలుపోస్టులు మాత్రం రాలేదు. ఢిల్లీ నుంచి అల్యూమినియంవి రావాలట, జనవరి దాకా రావట. ఫైనల్ మ్యాచీ చూస్తే నవంబరు పదహారున.

ఫుట్‌బాల్ కమిటీ సెక్రటరీ సురేంద్రనాథ్ మా గుమ్మంలోకి వచ్చి "అంకుల్, మీరే దిక్కు" అన్నాడు. ఉక్కు ప్లాంటు ఫ్యాబ్రికేషన్ షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు దూలాలూ స్తంభాలూ కట్టినవాణ్ణి, నాకిదో లెక్కా! నా పాత వెల్డరు బలరాంని పిలిచాను. నాలుగంగుళాల ఉక్కు పైపు తెచ్చి, ఎనిమిది రోజుల్లో రెండువైపులా నిలబెట్టేశాం. ఏడు మీటర్ల ముప్పై రెండు సెంటీమీటర్లు, సెంటర్ టు సెంటర్, మిల్లీమీటరు తేడా లేదు. సురేంద్రనాథ్ కొలుద్దామని టేపు తీశాడు. పక్కనున్న రిటైరైనవాళ్ళంతా "ఆదిశేషు పనికి మళ్ళీ టేపా!" అని నవ్వితే సిగ్గుపడి జేబులో పెట్టుకుని సంతకం చేసేశాడు. మీ అక్క మాత్రం చూసి, "ఇంతేసి గుమ్మాలు పెట్టారు, తలుపులేవండీ?" అంది. అదీ మీ వంశం తెలివి.

అసలు సంగతి. సతీశ్ కూతురు బిందుప్రియ మా సెక్టర్ 7 అమ్మాయిల జట్టుకి గోల్‌కీపరు. పదహారున పక్క ఊరు భిలాయి-3 అమ్మాయిల జట్టుతో ఫైనల్. గెలిచిన జట్టు జనవరిలో రాయ్‌పూర్ రాష్ట్ర పోటీలకి వెళుతుంది. పిల్లకి మూడేళ్ళ నుంచి అదే ధ్యాస. మళ్ళీ పోటీలొచ్చేసరికి దాని వయసు దాటిపోతుంది, ఇంక ఇదే ఆఖరి అవకాశం. తాత కట్టిన గోలులో మనవరాలు నిలబడుతుందిరా. డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాడివి, నాలుగు మంచి ముక్కలు రాసి పంపు.

మీ బావ
ఆదిశేషు

*

విజయనగరం
నవంబరు 9

బావగారికి,

పార్థసారథి నమస్కారాలు. ఆశీస్సుల గురించి తీరిగ్గా ఆలోచించుకోండి, తొందరేం లేదు, నాకింకా అరవై తొమ్మిదేళ్ళే.

ఆ రోజు చిరిగింది పంచె కాదు, తువ్వాలు. అదీ మీరు వెనకనుంచి లాగితే చిరిగింది. చరిత్రని వక్రీకరించకండి.

మీరు గోలుపోస్టులు కట్టారని విని చాలా ఆనందించాను. మా అక్క పెళ్ళైన కొత్తలో మీరు ఆవిడకి రొట్టెల పెనం చేసిచ్చారు, దాన్ని పొయ్యి మీదికి ఎత్తడానికి ఇద్దరు కావాల్సి వచ్చేది. మీరు మంచం చేస్తే దాని మీద రైలింజను పడుకోవచ్చు. ఆ పోస్టులకి బంతి తగిలితే బంతి గతేమిటో అని దిగులుగా ఉంది.

మన బిందమ్మకి నా మాటగా చెప్పండి. గోల్‌కీపరు బంతిని చూడకూడదు, కొట్టేవాళ్ళ నడుముని చూడాలి. కాలు అబద్ధమాడుతుంది, నడుము ఆడదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇదే చెప్పాను, ఒక్కడూ వినలేదు. ఇది ఆడపిల్ల కాబట్టి వింటుందేమో.

మీ లాంటి తాత ఉన్నందుకు దానికి భయం అక్కర్లేదు. మ్యాచీ అవగానే రాయండి. గెలిస్తే పొడుగ్గా రాయండి, ఓడితే అక్కచేత రాయించండి.

మీ బావమరిది
పార్థసారథి

*

సెక్టర్ 7, భిలాయి
నవంబరు 17

ఒరే పార్థూ!

గెలిచాం! గెలిచాం! పొడుగ్గానే రాస్తున్నాను, కూర్చుని చదువు.

ఆట మొత్తం ఇద్దరికీ ఒక్క గోలూ లేదు. ఇక పెనాల్టీలు. ఐదేసి కిక్కులయ్యేసరికి సమానం. ఆరోది మన జట్టు పిల్ల ఒకర్తి ఆకాశానికి తన్నింది. ఇంక భిలాయి-3 అమ్మాయి రజని కొడితే ఆట అక్కడికే వాళ్ళది. ఆ రజని సన్నగా ఉంటుంది గానీ కాలు చూస్తే గన్‌మెటల్. మీ అక్క కళ్ళు మూసుకుని అప్పన్నస్వామికి మొక్కేసింది, ఏం మొక్కిందో నాకు చెప్పడం లేదు. రజని కొట్టింది. బిందు కుడివైపు దూకింది, అందలేదు. బంతి దాని వేళ్ళకి జానెడు దూరంలో పోయి, పోస్టుకి టంగుమని తగిలి, వెనక్కి వచ్చేసిందిరా! ఆ చప్పుడు నాకింకా చెవిలో ఉంది. ఏడోది మనవాళ్ళు వేశారు, వాళ్ళది బిందు పొట్టకి హత్తుకుని పట్టేసింది. అంతే, స్టేడియం లేచి నిలబడింది.

నన్ను కింద గడ్డి మీదికి పిలిచి దండ వేశారు. "కీపరూ మీదే, పోస్టూ మీదే" అని సురేంద్రనాథ్ మైకులో అన్నాడు. బలరాం పక్కన నిలబడి "హమర్ ఖంభా బచాయిస్" అని వాళ్ళ ఛత్తీస్‌గఢీలో అంటూ ఆ పోస్టుని తట్టాడు, మన స్తంభం కాపాడిందిరా అని.

బిందు రాత్రి గ్లవ్స్ తొడుక్కునే అన్నం తింది. వాళ్ళమ్మ తిట్టినా తియ్యలేదు. రాయ్‌పూర్‌కి ఇప్పట్నుంచే సంచి సర్దుతోంది. నడుము గురించి నువ్వు చెప్పింది విందట, "పార్థు తాత సహీ బోలే" అంది. నీకు జీవితంలో ఒక శిష్యురాలు దొరికింది, పండగ చేసుకో.

మీ బావ
ఆదిశేషు

*

విజయనగరం
నవంబరు 23

బావగారికి,

మీ ఉత్తరం చదివి వీధిలో ఐదుగురికి స్వీట్లు పంచాను. ఆరోవాడు "మీరేం గెలిచారు మాస్టారూ?" అన్నాడు. "మా అక్క మనవరాలు గెలిచింది, మా బావ కట్టిన గుమ్మంలో" అన్నాను. వాడు నమ్మలేదు. అందుకని మీ మొదటి ఉత్తరం తీసుకొచ్చి పైకి చదివి వినిపించాను.

అలా పైకి చదువుతున్నప్పుడే నాకో చోట నాలిక ఆగింది. తప్పుగా అనుకోకండి బావగారూ. ఇంత వయసొచ్చిన డ్రిల్లు మాస్టారికి పని లేక పుట్టిన సందేహం అనుకోండి.

మీరు "సెంటర్ టు సెంటర్" అని రాశారు. అంటే ఈ పైపు నడిమధ్య నుంచి ఆ పైపు నడిమధ్యకి, అంతే కదా? మీ షాపులో స్తంభాలకి అలాగే కొలుస్తారని ఒకసారి మీరే నాకు గంటసేపు క్లాసు పీకారు. కానీ బంతాటలో కొలత అలా ఉండదండీ. నేను ముప్పై ఏళ్ళు మా బడి మైదానంలో తాడు పట్టుకుని సున్నం గీసినవాణ్ణి. ఈ పోస్టు లోపలి అంచు నుంచి ఆ పోస్టు లోపలి అంచుకి ఏడు మీటర్ల ముప్పై రెండు ఉండాలి. మధ్యలో ఖాళీ కొలవాలి, ఇనుము కాదు.

మీరు లోపలే కొలిచి, అలవాటు కొద్దీ ఆ ముక్క రాసుంటారు. అయ్యే ఉంటుంది. ఒక్క ముక్క రాసేస్తే నా బుర్రలో పురుగు చచ్చిపోతుంది.

స్వీట్ల ఖర్చు మీ ఖాతాలో.

పార్థసారథి

*

సెక్టర్ 7, భిలాయి
నవంబరు 28

పార్థసారథికి,

నీ ఉత్తరం అందింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?

ఈ చేతులతో కట్టిన దూలాల మీద ఇవాళ్టికీ వంద టన్నుల క్రేన్లు నడుస్తున్నాయి. నువ్వు సున్నం తాడుతో గీసిన గీతలు వానొస్తే పోయేవి. నాకు కొలత చెప్పడానికి నువ్వెవడివి? ఆడినవాళ్ళకి తెలీదా? రిఫరీకి తెలీదా? చూసిన రెండువేల మందికి తెలీదా? ఊళ్ళో అందరికీ కళ్ళున్నాయి, ఒక్క విజయనగరంలో ఉన్నవాడికి కనిపించిందా లోపం?

ఇంటి పరువు నిలబడితే ఓర్వలేకపోతే చెప్పు, మానేస్తాను ఉత్తరాలు రాయడం.

ఆదిశేషు

మీ అక్క బాగానే ఉంది.

*

సెక్టర్ 7, భిలాయి
నవంబరు 30

పార్థూ,

మొన్న రాసింది చించెయ్యి. అందకపోయినా ముందే చెబుతున్నాను, అందగానే చించెయ్యి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాను. నీ ఉత్తరం చదివినప్పుడే నాకు అనుమానం పట్టుకుంది. కోపం తరవాత తెచ్చుకున్నదే.

ఇవాళ పొద్దున్నే పాల ప్యాకెట్‌కని చెప్పి టేపు జేబులో వేసుకుని స్టేడియానికి వెళ్ళాను. వాచ్‌మన్ సలాం కొట్టి గేటు తీశాడు, ఇప్పుడక్కడ నేను పెద్దమనిషిని కదా. లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలిచాను. ఏడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు, పైన అర. మళ్ళీ కొలిచాను. అటువైపు పోస్టులూ కొలిచాను. పైపు మందమంతా, పదకొండున్నర సెంటీమీటర్లు, నేను లోపలినుంచి తినేశానురా. పై దూలం కూడా అందులో సగం కిందికి ఉంది. చేతిలోని డ్రాయింగులో ఏడు ముప్పై రెండు అని అంకె కనిపించింది, నా చెయ్యి తనంతట తాను సెంటర్లు పట్టేసుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకేలా పట్టిన టేపు. ఎవరైనా స్కూలు పిల్లాడు కొలిచినా ఈ తప్పు చేసుండడు.

రజని బంతి తగిలిన మచ్చ ఇంకా ఉంది పోస్టుకి. లోపలి వైపు. పోస్టు ఉండవలసిన చోట ఉంటే ఆ బంతి లోపలికి పోయేది. నాకు ఆ సందేహం లేదు. గెలవాల్సింది భిలాయి-3 పిల్లలు.

ఎవరికీ చెప్పలేదు, మీ అక్కకి కూడా. పాలు కూడా తేలేదు, దాని మీద ఒక గొడవ అయింది. జనవరిలో ఢిల్లీ పోస్టులొస్తాయి, ఇవి పీకి తుక్కులో వేస్తారు, తరవాత దేవుడు కూడా కొలవలేడు. చెబితే ఏమంటారో ఊహించు. మనవరాలు గెలవాలని తాత గోలు ఇరుకు చేశాడంటారు. నేను మాట పడతాను, పడగలను. కానీ బిందు సంచి సర్దుకుని మంచం కింద పెట్టుకుంది. దాన్ని రోజూ రెండుసార్లు బయటికి తీసి చూసుకుంటోంది.

ఏం చెయ్యమంటావు?

మీ బావ

*

విజయనగరం
డిసెంబరు 5

బావగారూ,

రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి, పోస్టుమాన్ చేతిలో కలిసి. కోపంది ముందు విప్పాను. మీరు చించమన్నారు గానీ చించలేదు. మీరు నన్ను తిట్టిన తిట్లలో ఇంత చక్కని దస్తూరీ ఇదే మొదటిసారి, దాచుకుంటాను.

ఏం చెయ్యమంటారా? బావగారూ, ఈ విషయం తెలిసినవాళ్ళం ఈ భూమ్మీద ఇద్దరం. ఒకడికి చెవులు వినపడవు, నోరు కట్టేసుకోమంటే కట్టేసుకుంటాను. మా అక్క మీద ఒట్టు. నేను మీకు నీతులు చెప్పే చోట లేను, ఆ మచ్చ చూసింది మీరు, నేను కాదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నలభై ఏళ్ళుగా వాదించిన మనిషి మీరు. అలాంటి మనిషి పాలు మర్చిపోయి టేపు పట్టుకుని వెళ్ళాడంటే, నన్ను అడగడానికి ముందే ఏదో అనేసుకున్నాడని నాకనిపిస్తోంది.

ఎవరికి చెప్పినా, చెప్పకపోయినా, ముందు ఆ పిల్లకి చెప్పండి. కమిటీ నోట దానికి తెలియకూడదు. అది మిమ్మల్ని తిడితే తిట్టించుకోండి. మా అక్క మిమ్మల్ని తిట్టినన్ని తిట్లు అది తిట్టలేదు.

మీ
పార్థు

*

సెక్టర్ 7, భిలాయి
డిసెంబరు 22

ఒరే పార్థూ,

మూడు వారాలు కలం పట్టలేదు. చేతులకి పని ఉండింది. ఇప్పుడు మొత్తం రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం బిందు ప్రాక్టీసు నుంచి వచ్చి వంటింట్లో ప్లేటు పట్టుకుని కూర్చుంది. చెప్పేశాను. పైపు మందం, సెంటర్లు, అంచులు, అన్నీ. అది నములుతూ నములుతూ ఆగిపోయింది. "ఔర్ కిస్‌కో పతా హై, తాతా?" అని అడిగింది. పార్థు తాతకి తెలుసు, ఎవరికీ చెప్పడన్నాను. ప్లేటు సింకులో పెట్టి వెళ్ళి తలుపేసుకుంది. మీ అక్క గోడవారన నిలబడి మొత్తం విని, "ముందే సెప్తే నానేటి ఉరేసుకుంటాననుకున్నారా? పాలు తేకుండా తిరిగొచ్చిన్నాడే అనుకున్నాను, ఏదో అయిందని" అంది. అంతే, ఇంకేం తిట్టలేదు. తిట్టకపోతే భయమేస్తుందిరా ఆవిడతో.

మర్నాడు పొద్దున్న లేచి చూస్తే బిందు బూట్లు వేసుకుని నా స్కూటరు వెనక సీటు మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "చలో, సురేంద్ర అంకుల్ ఇంటికి" అంది.

సురేంద్రనాథ్ ముఖం తెల్లబోయింది. అతను కొలవకుండా సంతకం పెట్టాడు కదా. నన్ను పక్కకి లాగి, "అంకుల్, ఎందుకీ గొడవ? వచ్చే నెల పోస్టులే మారిపోతాయి. పాపని రాయ్‌పూర్ వెళ్ళనివ్వండి, బచ్చీ హై" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు బిందు అంది: "అంకుల్, రజని బంతి నేను ఆపలేదు. పోస్టు ఆపింది. నేను అబద్ధం ఎలా ఆడను రాయ్‌పూర్‌లో?" దాని తెలుగు అంతంతమాత్రం, అయినా ఆ మాట తెలుగులోనే అంది, నా కోసం కాబోలు.

కమిటీ మూడు రోజులు కూర్చుంది. తేల్చిందేమిటంటే, పోస్టులు సరిచేసి, రజని ఆ ఒక్క కిక్కు మళ్ళీ కొట్టాలి. గోలు పడితే భిలాయి-3 గెలిచినట్టు, పడకపోతే పాత ఫలితమే. ఊరికి తెలిసింది. అన్నవాళ్ళు అన్నారు. మార్కెట్లో ఒకావిడ "మనవరాలి కోసం గేటు చిన్నది చేశాడట" అంటే మీ అక్క వంకాయలు అక్కడే పారేసి, "నా మొగుడికి మోసం సేసేటంత తెలివే ఉంటే ఈపాటికి బంగ్లాలో ఉందుమే తల్లీ!" అందట. సమర్థించిందో, పరువు తీసిందో నాకిప్పటికీ తెలీదు. నువ్వు తేల్చి చెప్పు.

నేనూ బలరామూ కాంక్రీటు తవ్వి, నాలుగు స్తంభాలూ పీకి, కొత్త దూలాలు కట్టి మళ్ళీ నిలబెట్టాం. కూలీ అడగలేదు, ఇవ్వబోతే తీసుకోలేదు. ఈసారి నేను కొలిచాక సురేంద్రనాథ్ కొలిచాడు, రిఫరీ కొలిచాడు, రజని వాళ్ళ నాన్న కొలిచాడు, ఆఖరికి వాచ్‌మన్ కూడా టేపడిగాడు. అందరికీ ఇచ్చాను.

నిన్న ఆదివారం ఆ కిక్కు. ఒక్క కిక్కుకి మూడువేల మంది వచ్చారు. బిందు వెళ్ళి ఒక పోస్టు నుంచి రెండో పోస్టుకి అడుగులు లెక్క పెట్టుకుంటూ నడిచింది. నేను కట్టిన గోలేరా అది. నా పిల్ల వెనక ఖాళీ నేనే పెంచాను. నీకు నిజం చెబుతాను, దాచను: రజని బంతి పెట్టేటప్పుడు నేను బంతి బయటికి పోవాలనే దణ్ణం పెట్టుకున్నాను. నిజం ఒప్పుకున్న పెద్దమనిషి అని అటూ ఇటూ అందరూ నన్ను చూస్తున్నారు, లోపల నేను కోరుకున్నది అది. సిగ్గనిపించింది గానీ ఆపుకోలేకపోయాను.

రజని అదే మూలకి కొట్టింది. బిందు సరిగ్గా అటే దూకింది, నడుముని చూసే దూకింది, నీ పాఠమే. వేలికొసలు బంతిని తాకాయి కూడా. బంతి వేళ్ళకీ పోస్టుకీ మధ్య నుంచి వలలోకి పోయింది.

రజని గెంతలేదు. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. బిందు గడ్డి మీద బోర్లా అలాగే ఉండిపోయింది. "ఎల్లండి, ఏటి సూస్తారు" అని మీ అక్క వీపు మీద తోస్తే మెట్లు దిగాను, బలరాం చెయ్యి పట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి అది లేచి కూర్చుని ఏడుస్తోంది. నన్ను క్షమించమ్మా అందామని వంగాను.

అది ముక్కు తుడుచుకుని నా ముఖంలోకి చూసి, "నీ గోలు సరిగ్గా ఉంది, తాతా" అంది. "నువ్వు కాదు, పోస్టు కాదు. ఈసారి నేనే అందుకోలేకపోయాను."

మీ బావ
ఆదిశేషు